నిగారింపు బటన్: కంప్యూటర్ తెరపై వెలుగునీడల చరిత్రలో ఒక ఘట్టం

వ్యాస సంగ్రహం

2000 – 2010 మధ్య కాలంలో కంప్యూటర్ తెరలన్నిటా గాజుపూసలా మెరిసే బటన్ ఒకటి కనిపించేది. దానిని ఇమేజ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ విధంగా తయారుచేసేవారో, ఆ రూపం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు కనుమరుగైందో ఈ వ్యాసం చర్చిస్తుంది. ఆ బటన్‌లో రెండు వేర్వేరు గుణాలు కలిసి ఉన్నాయి. ఒకటి ఆకారాన్ని తెలిపే వెలుగునీడ. రెండోది పదార్థాన్ని తెలిపే నిగారింపు. ఈ రెంటినీ వేరుచేసి చూడకపోవడం వల్లనే 2013 నాటి మార్పులో నిగారింపుతో పాటు వెలుగునీడ కూడా తొలగిపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: నిగారింపు, వెలుగునీడ, బటన్, ఫోటోషాప్, లేయర్, అక్వా, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్ తెర నునుపైన పలక. దాని మీద ఉబ్బెత్తుగా ఉండేది లేదు, నొక్కితే లోపలికి దిగేదీ లేదు. అయినప్పటికీ నలభై ఏళ్ళుగా మనం దాని మీద ‘బటన్లు’ నొక్కుతూనే ఉన్నాం. లేని ఉబ్బును ఉన్నట్లు చూపడం చిత్రకారుల పాత విద్య. కాబట్టి తెరపై బటన్ చరిత్రను సాంకేతిక చరిత్రలో భాగంగానే కాక చిత్రకళా చరిత్రలో భాగంగానూ చదవవలసి ఉంటుంది.

చిత్రకళా చరిత్రకారుడు ఇ.హెచ్. గోంబ్రిచ్ ‘ది హెరిటేజ్ ఆఫ్ అపెల్లీస్’ (1976) అనే గ్రంథంలో 15వ శతాబ్ది ఐరోపా చిత్రాలను పరిశీలిస్తూ, వెలుతురు చేసే రెండు పనులను విడదీసి చూపారు. వస్తువు మీద పడిన కాంతి దాని గుండ్రదనాన్ని, అంచులను, పలకలను తెలపడం మొదటి పని. వస్తువు ఉపరితలం ఆ కాంతిని తిప్పికొట్టి తళుక్కుమనడం రెండోది. ఇటలీ చిత్రకారులు మొదటిదానిలోనూ, ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన యాన్ వాన్ ఐక్ వంటి వారు రెండోదానిలోనూ ఆరితేరారని ఆయన వివరించారు. ఈ భేదాన్ని చెప్పడానికి తెలుగులో కొత్త మాటలు వెతుక్కోనక్కరలేదు. మట్టికుండకు వెలుగునీడలు ఉంటాయి గాని నిగారింపు ఉండదు. అదే కుండకు నూనె పట్టిస్తే ఆకారం మారదు, నిగారింపు వస్తుంది. ఈ వ్యాసంలో ‘వెలుగునీడ’, ‘నిగారింపు’ అనే మాటలను ఈ అర్థాల్లోనే వాడడం జరిగింది.

2. ఒంటిగీత నుంచి నాలుగు ఛాయల దాకా

1984లో వచ్చిన ఆపిల్ మాకింతోష్ తెర 512 × 342 పిక్సెళ్ళది. ప్రతి పిక్సెల్ నలుపో తెలుపో అయ్యేది. మధ్యే ఛాయ లేదు. అందులో బటన్ అంటే మూలలు గుండ్రంగా తిరిగిన ఒక గీత, లోపల ఒక మాట. నొక్కినప్పుడు నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. అది బటన్ బొమ్మ కాదు, బటన్‌కు గుర్తు మాత్రమే. లోతు ఉందన్న భ్రమను కల్పించే ప్రయత్నమే అందులో లేదు.

ఆ భ్రమకు కావలసిన సామగ్రి చాలా స్వల్పమని నెక్స్ట్ సంస్థ నిరూపించింది. 1988 అక్టోబరులో స్టీవ్ జాబ్స్ ఆవిష్కరించిన నెక్స్ట్ కంప్యూటర్ తెరపై నాలుగే ఛాయలు: నలుపు, ముదురు బూడిద, లేత బూడిద, తెలుపు. లేత బూడిదరంగు దీర్ఘచతురస్రానికి పైఅంచున, ఎడమ అంచున తెల్లగీత, కింద, కుడివైపున ముదురు గీత గీస్తే చాలు, అది తెర మీది నుంచి పైకి లేచినట్లు కనిపిస్తుంది. నొక్కినప్పుడు ఆ గీతల స్థానాలను తారుమారు చేస్తే లోపలికి కుంగినట్లు కనిపిస్తుంది. 1990 మే నెలలో విడుదలైన విండోస్ 3.0 ఇటువంటి బటన్‌ను లక్షలాది మందికి పరిచయం చేసింది. దీనికే ‘బెవెల్’ అని పేరు.

ఈ రెండు గీతలకు ఇంత శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? తమిళనాడులో పుట్టి కాలిఫోర్నియాలో పనిచేసిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1988లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఇందుకు సమాధానం ఇస్తుంది. పైభాగం తెల్లగా, కిందికి వచ్చేకొద్దీ నల్లగా ఉన్న వృత్తాన్ని చూపితే అది ఉబ్బుగా తోస్తుంది. దానినే తలకిందులు చేస్తే గుంటగా తోస్తుంది. వెలుతురు పైనుంచే వస్తుందని, ఒకే దీపం నుంచి వస్తుందని మన దృష్టి ముందే అనుకుంటుంది. సూర్యుడి కింద బతికిన ప్రాణికి అది సహజమైన ఊహ. నెక్స్ట్ రూపకర్తలు ఆ వ్యాసం చదివి ఆ గీతలు గీశారని దీని అర్థం కాదు. రాతిమీద అక్షరం చెక్కే శిల్పికి తెలిసినదే వారికీ తెలుసు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ బటన్‌లో నిగారింపు ఏమాత్రం లేదు. అది మట్టికుండ. అయినా ‘నొక్కదగినది’ అన్న మాట పూర్తిగా చెప్పగలిగింది.

3. పొరల రాక

థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించిన ఫోటోషాప్ 1990 ఫిబ్రవరిలో అడోబీ సంస్థ ద్వారా విడుదలైంది. తొలి రూపాల్లో లేయర్లు లేవు. ఒక బొమ్మ మీద నీడ వేయాలంటే ఆల్ఫా ఛానెళ్ళను ఒకదానితో ఒకటి కూడి, తీసివేసి, జరిపి సాధించవలసి వచ్చేది. ఒకసారి వేసిన నీడను మళ్ళీ తీయడం ఉండేది కాదు. 1994లో వచ్చిన 3.0తో లేయర్లు, 1998లో వచ్చిన 5.0తో నీడనూ బెవెల్‌నూ లేయర్‌కు తగిలించే ఎఫెక్టులు, 2000లో వచ్చిన 6.0తో లేయర్ స్టైళ్ళు, వెక్టర్ ఆకారాలు సమకూరాయి. ఈ మధ్యనే, 1999లో, 5.5తో పాటు వెబ్ కోసం బొమ్మలను కుదించి భద్రపరచే సౌకర్యం కూడా చేరింది. ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన గింప్‌లోనైతే కొలతలు, రంగులు అడిగి బెవెల్ బటన్‌ను తానే గీసి ఇచ్చే స్క్రిప్టు ఉండేది.

అంటే గాజు బటన్‌కు కావలసిన పనిముట్లన్నీ 2000 నాటికి బల్లమీదికి వచ్చాయి. నమూనా కూడా సరిగ్గా ఆ ఏడాదే వచ్చింది.

4. అక్వా

2000 జనవరి 5న శాన్‌ఫ్రాన్సిస్కో మాక్‌వరల్డ్ సభలో స్టీవ్ జాబ్స్ ‘అక్వా’ అనే కొత్త తెరరూపాన్ని ప్రదర్శించారు. తెరమీది బటన్లను చూస్తే నాకాలనిపించేంతగా తీర్చిదిద్దామని ఆయన ఆ రోజుల్లో అన్న మాట ప్రసిద్ధం. అది యథాలాపంగా అన్నదే కావచ్చు గాని చరిత్రకారుడికి విలువైన సాక్ష్యం. నొక్కాలనిపించడం ఆకారం చేసే పని. నాకాలనిపించడం పదార్థం చేసే పని. బటన్ గురించి మాట్లాడే భాషే ఆ రోజు మారింది.

ఆ పదార్థానికి మూలం పక్కనే ఉంది. 1998లో ఆపిల్ విడుదల చేసిన ఐమాక్ పెట్టె నీలిరంగు పారభాసక ప్లాస్టిక్‌తో చేసినది. అమ్మకాల్లో నిలదొక్కుకోవడానికి సంస్థకు తోడ్పడిన ఆ ప్లాస్టిక్కే తెర లోపలికి ప్రవేశించింది. 2001 మార్చి 24న మాక్ ఓఎస్ టెన్ విడుదలయ్యే నాటికి అక్వా బటన్ ఆపిల్‌కు ముద్రాంకం వంటిదయింది. ఆ రూపాన్ని అనుకరించే థీములు తయారుచేసి పంచుకున్న వారికి ఆపిల్ న్యాయవాదుల నుంచి లేఖలు వెళ్ళాయి. బూడిదరంగు బెవెల్‌ను ఎవరూ అలా కాపాడుకోవాలని అనుకోలేదు.

అక్వాలో వెలుగునీడ లేకపోలేదు. గుళిక ఆకారం ఉబ్బుగానే కనిపిస్తుంది. కాని నొక్కినప్పుడు ఏమవుతుందో చూస్తే ప్రాధాన్యం ఎటు మళ్ళిందో తెలుస్తుంది. నెక్స్ట్ బటన్ కుంగేది. అక్వా బటన్ కుంగదు. తెల్లనిది నీలంగా మారుతుంది. కిటికీ మూలన ఉండే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పూసల మీద ఏ గుర్తూ ఉండదు. మౌస్ దగ్గరికి తెస్తేనే లోపల గుర్తులు కనిపిస్తాయి. అవి చూడ ముచ్చటైనవే. అయితే వాటి అర్థం మెరుపు వల్ల గాక రంగు వల్ల, స్థానం వల్ల తెలిసేది.

5. తయారీ విధానం

అక్వా వచ్చిన తరువాత దానిని ఫోటోషాప్‌లో ‘వండే’ పాఠాలు పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ వెబ్‌లోనూ విరివిగా వెలువడ్డాయి. వాటిలోని అంకెలు కొద్దిగా తేడా పడినా క్రమం దాదాపు ఒక్కటే. ఆ క్రమాన్ని ఫోటోషాప్‌లోనూ గింప్‌లోనూ మళ్ళీ చేసి చూసిన మీదటే ఈ భాగం రాయడం జరిగింది. ఏ పొర ఏ పని చేస్తుందో చేతితో చేసినప్పుడు తెలిసినంతగా చదివినప్పుడు తెలియదు.

ముందుగా 200 × 60 పిక్సెళ్ళ ప్రాంతంలో కొత్త పత్రం తెరిచి, గుండ్రని మూలల దీర్ఘచతురస్రం గీస్తారు. మూల వ్యాసార్ధం ఎత్తులో సగం ఉంటే అది గుళిక అవుతుంది. దానికి ఒక నిండు రంగు, ఉదాహరణకు నీలం, నింపుతారు. ఇక్కడికి అది 1984 నాటి బటనే.

తరువాత గ్రేడియెంట్. పైన ముదురు, కింద లేత. ఇక్కడే కొత్తగా నేర్చుకునేవారు తడబడతారు. వెలుతురు పైనుంచి వస్తే పైభాగం కదా తెల్లగా ఉండవలసింది? అది మట్టికుండ విషయం. గాజు లేదా జెల్లీ వంటి పదార్థంలోకి పైనుంచి ప్రవేశించిన కాంతి లోపల వంగి అడుగుభాగాన పోగవుతుంది. నీళ్ళగ్లాసును ఎండలో పెడితే వెలుగు అవతలి వైపున ముద్దకట్టడం అందరూ చూసినదే. కాబట్టి కింది వెలుగు ‘నేను పారభాసకాన్ని’ అని చెబుతుంది. ఈ ఒక్క పొరతోనే బటన్ కాసేపు గుంటలా కనిపించడం రామచంద్రన్ ప్రయోగానికి చక్కని నిదర్శనం.

ఆ గుంటను మళ్ళీ ఉబ్బుగా మార్చేది మూడో పొర. కొత్త లేయర్ తెరిచి, గుళిక ఆకారాన్నే సెలక్షన్‌గా తీసుకొని, దానిని రెండు మూడు పిక్సెళ్ళు లోపలికి కుదించి, కింది సగాన్ని తీసివేస్తారు. మిగిలిన పైసగంలో తెలుపు నుంచి పారదర్శకానికి జారే గ్రేడియెంట్ నింపి, లేయర్ సాంద్రతను తగ్గిస్తారు. ఇదే నిగారింపు. దాని కింది అంచు మెత్తగా కరిగిపోతే బటన్ సబ్బుముక్కలా ఉంటుంది. కత్తిరించినట్లు పదునుగా ఉంటే గాజులా ఉంటుంది. ఆ పదునైన అంచు నిజానికి ఎదురుగా ఉన్న ఏదో కిటికీ ప్రతిబింబం. ఆ కిటికీ తెరమీద ఎక్కడా లేదు. చూసేవాడి గదిలోనూ లేదు. లేని గదిలోని లేని కిటికీ వెలుగును లక్షలాది బటన్లు కొన్నేళ్ళ పాటు ప్రతిబింబించాయి.

ఇక మిగిలినవి చిన్న సవరింపులు: అంచు చుట్టూ అదే రంగులో ముదురు స్ట్రోక్, లోపలి అంచున సన్నని నీడ, బటన్ కింద మెత్తని నీడ, మాటకు ఒక పిక్సెల్ నీడ. వీటిలో ఒక వివరం మాత్రం చెప్పుకోదగినది. ఫోటోషాప్ లేయర్ స్టైళ్ళలో వెలుతురు దిశ చాలా కాలం 120 డిగ్రీలుగా, అంటే పైన ఎడమవైపుగా, ముందే అమర్చి ఉండేది. అది బెవెల్ సంప్రదాయం. గాజు బటన్ పాఠాలు దానిని 90 డిగ్రీలకు, అంటే నడినెత్తికి, మార్చమని చెప్పేవి. ఒక యుగం నుంచి మరొక యుగానికి మారడం ఆ ముప్పై డిగ్రీల్లో ఉంది.

అంటే ఈ బొమ్మలో కింద ఉన్న పొరలు, నీడలు, అంచులు ఆకారాన్ని నిలబెడతాయి. పైన ఉన్న తెల్లని పొర ఒక్కటే నిగారింపు. ఆ లేయర్ పక్కన ఉన్న కంటిగుర్తును నొక్కి దాన్ని దాచి చూస్తే, మెరుపు పోతుంది. నీడ, అంచు ఉన్నంతవరకు, కింది గ్రేడియెంట్‌ను తిరగేస్తే, బటన్ బటన్‌గానే నిలుస్తుంది. రెంటినీ విడదీయవచ్చునని ఫైలు స్వయంగా చెబుతున్నది. ఫోటోషాప్‌తో పాటే వచ్చిన ‘గ్లాస్ బటన్స్’ వంటి సిద్ధస్టైళ్ళు ఒక్క నొక్కుతో మొత్తం వేసిపెట్టడం వల్ల, విడదీసి చూసే అవకాశం వాడేవారికి లేకుండా పోయింది.

6. తెలుగు మాట, బొమ్మగా

తెలుగు వెబ్ తొలి దశకు ఈ విషయంతో నేరుగా సంబంధం ఉంది. యూనికోడ్ తొలి రూపంలోనే (1991) తెలుగుకు స్థానం దక్కినా, సామాన్యుల కంప్యూటర్‌కు అది చేరింది 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితో వచ్చిన గౌతమి ఫాంటు ద్వారా. అప్పుడు కూడా కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి సంక్లిష్ట లిపుల మద్దతును విడిగా స్థాపించుకోవలసి వచ్చేది. చూసేవారి కంప్యూటర్‌లో తెలుగు కనిపిస్తుందన్న భరోసా లేనప్పుడు, మాటను బొమ్మలో భాగంగా చేసి పంపడమే మార్గం. ఆంగ్ల వెబ్‌కు మెరిసే బటన్ అలంకారమైతే, తెలుగుకు బటన్ బొమ్మ అక్షరవాహనం.

ఆ బొమ్మల్లో మాట వేయడానికి ఫోటోషాప్‌లో సాధారణంగా వాడినవి అను వంటి డీటీపీ ఫాంట్లు. వీటిలో రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే మాట అర్థంలేని ఆంగ్లాక్షరాలుగా మారుతుంది. పైగా గాజు బటన్ నిష్పత్తులు రోమన్ లిపికి తగినవి. నిగారింపు గీత సరిగ్గా నడుమ పోతుంది. ఆంగ్ల పదం ఆ గీత మీద సమంగా కూర్చుంటుంది. ‘ముఖ్యాంశాలు’ అన్న మాటకు కింద యావత్తు వేలాడుతుంది. గుడులూ ఒత్తులూ ఇమడాలంటే అక్షరాన్ని చిన్నది చేయాలి, చిన్నది చేస్తే ఒత్తు మసకబారుతుంది. బటన్ ఎత్తు పెంచడమొక్కటే దారి; అప్పుడది గుళిక కాదు, సోరకాయ.

పరిశోధకులకు దీని పర్యవసానం ఉంది. బొమ్మలోని తెలుగు మాట వెతుకులాటకు దొరకదు. పేజీ ఎక్కడైనా భద్రమై ఉండి దాని బొమ్మలు పోతే, ఆ పేజీలో ఏ శీర్షికలు ఉండేవో తెలిపే ఆధారమూ పోతుంది. పొరలతో కూడిన మూలఫైళ్ళు ఎవరి వద్దనైనా మిగిలి ఉంటే వాటిని వ్రాతప్రతుల మాదిరి సేకరించవలసిన సమయం ఇదే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

7. వ్యాప్తి, విసుగు

2004 అక్టోబరులో ‘వెబ్ 2.0’ పేరిట శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సదస్సు తరువాత ఆ పేరు ఒక ధోరణికి, ఆపైన ఒక రూపానికి కూడా గుర్తయింది. మెరిసే బటన్లు, కింద నీటిలో తేలినట్లు ప్రతిబింబం, నక్షత్రాకారపు బిళ్ళ. 2007 జనవరిలో సామాన్యులకు అందిన విండోస్ విస్టా గాజు పేరుతోనే వచ్చింది. అదే సంవత్సరం విడుదలైన ఐఫోన్‌లో నిగారింపు చేతిపని కూడా కాకుండా పోయింది. అప్లికేషన్ రూపకర్త 57 పిక్సెళ్ళ చదరపు బొమ్మ ఇస్తే, మూలలు గుండ్రం చేసి పైసగంలో తెల్లని మెరుపు వేయడం వ్యవస్థే చూసుకునేది. వద్దనుకున్నవారు ప్రత్యేకంగా ఆ మాట ఫైలులో రాయాలి. నిగారింపు ఎంపిక కాదు, నియమం.

నియమమైన అలంకారం విసుగు పుట్టించక మానదు. అందుకు తోడు, గుండ్రని మూలలను, గ్రేడియెంట్లను బ్రౌజరే గీసే సీఎస్ఎస్ సౌకర్యాలు 2008 తరువాత ఒక్కొక్కటే వచ్చి చేరాయి. బొమ్మ చేసి పంపే అవసరం తగ్గింది. రకరకాల పరిమాణాల ఫోన్ తెరలకు ఒక్కొక్క బొమ్మ చేయడం తలకు మించిన పని కూడా అయింది. మైక్రోసాఫ్ట్ 2010లో విండోస్ ఫోన్ 7లో చదును రంగుపలకలను తెచ్చింది.

8. 2013: మెరుపుతో పాటు పోయినది

2013 సెప్టెంబరు 18న ఐఓఎస్ 7 విడుదలైంది. నిగారింపు పూర్తిగా పోయింది. అందుకు విచారించేవారు కొద్దిమందే. ఈ వ్యాసకర్త వారిలో లేడు. కాని దానితో పాటు నీడ, ఉబ్బు, చాలాచోట్ల అంచు కూడా పోయాయి. బటన్ అన్నది ఒక నీలిరంగు మాటగా మిగిలింది. 1984 మాకింతోష్ బటన్‌కు కనీసం చుట్టూ గీత ఉండేది. లేయర్ ఒకటి తీసేయవలసిన చోట ఫైలునే తీసేసినట్లయింది.

దీని ఫలితం కొలతకు అందనిది కాదు. నీల్సన్ నార్మన్ గ్రూప్ 2017లో ప్రకటించిన అధ్యయనంలో తొమ్మిది వెబ్ పేజీలను, నొక్కదగినవి స్పష్టంగా తెలిసే రూపంలోనూ అస్పష్టంగా ఉన్న రూపంలోనూ 71 మందికి చూపారు. అస్పష్ట రూపాల్లో కావలసినది కనుక్కోవడానికి సగటున 22 శాతం ఎక్కువ సమయం పట్టింది. ఆ పోలికలో స్పష్టతను ఇచ్చినవి నీడ, అంచు, రంగుల తేడా వంటివి. మెరుపు కాదు.

ఆపిల్ కూడా ఈ కొరతను గుర్తించిందనడానికి దాఖలా ఉంది. 2014 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 7.1లో ‘బటన్ షేప్స్’ అనే అమరిక చేరింది. దానిని ఎంచుకుంటే నొక్కదగిన మాటలకు ఆకారం వస్తుంది. దానిని ఉంచిన చోటు యాక్సెసిబిలిటీ విభాగం, అంటే చూపు తక్కువైన వారి కోసం. రామచంద్రన్ ప్రయోగంలో పాల్గొన్నవారు చూపు తక్కువైనవారు కారు. అందరి దృష్టికీ ఆధారమైన ఒక గుణం కొందరి సౌకర్యంగా జాబితాలో చేరింది.

అదే ఏడాది జూన్‌లో గూగుల్ ప్రకటించిన మెటీరియల్ డిజైన్ వేరే తోవ తొక్కింది. అందులో బటన్ చదునైన కాగితం ముక్క, మెరుపు లేదు. కాని అది ఎంత ఎత్తున ఉందో దాని నీడ చెబుతుంది, నొక్కితే ఆ నీడ మారుతుంది. 1988 నాటి నెక్స్ట్ రూపకర్తలు చూస్తే తమదేనని గుర్తుపట్టగలిగే పద్ధతి ఇది.

2025 జూన్ 9న ఆపిల్ ‘లిక్విడ్ గ్లాస్’ పేరుతో గాజును తిరిగి తెచ్చింది. ఈసారి పొరలు పేర్చేవారు లేరు. వెనక ఉన్న దృశ్యాన్ని వంచి, అంచున మెరుపు పుట్టించే పని గ్రాఫిక్స్ ప్రాసెసర్ అప్పటికప్పుడు చేస్తుంది. లేని కిటికీకి బదులు ఇప్పుడు బటన్ వెనక ఉన్న ఫోటోయే ప్రతిఫలిస్తుంది. ఆ ఫోటో మీద మాట చదవడం కష్టమవుతున్నదన్న విమర్శ విడుదలకు ముందు పరీక్ష దశలోనే మొదలయింది. ఆ పారదర్శకతను తగ్గించుకునే అమరికను ఆపిల్ కొద్ది నెలలకే సెట్టింగ్స్‌లో చేర్చవలసి వచ్చింది.